ఇప్పుడు లేని దేశం గెలిచిన కప్పు

2023 జూన్ 21. బెంగళూరు కంఠీరవ స్టేడియం. శాఫ్ ఛాంపియన్‌షిప్‌లో ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్. ఫస్ట్ హాఫ్ అయిపోవస్తోంది, మనవాళ్ళు 2-0 మీదున్నారు. పాకిస్తాన్ ఆటగాడొకడు త్రో-ఇన్ వెయ్యబోతుంటే గీత బయట నిలబడ్డ మన కోచ్ వెనకనుంచి వచ్చి అతని చేతుల్లోంచి బంతి లాగేశాడు. ఇంకేముంది, రెండు జట్లూ తోపులాట, కోచ్‌గారికి రెడ్ కార్డ్. మ్యాచ్ 4-0తో గెలిచాం, ఛెత్రీ హ్యాట్రిక్ కొట్టాడు. కానీ మర్నాడు ఆఫీసులో టీ దగ్గర అందరూ మాట్లాడుకున్నది ఆ కోచ్ గురించే. "ఎవడ్రా బాబూ ఈయన, గల్లీలో పిల్లాడిలా బంతి లాక్కుంటాడు?"

ఆయన పేరు ఇగోర్ ష్టిమాచ్. క్రొయేషియా మనిషి. 2019 నుంచి 2024 దాకా మన జాతీయ జట్టు కోచ్. ఆయన గురించి తిట్లూ పొగడ్తలూ మీరు చాలానే వినుంటారు, నేను కొత్తగా చేర్చేదేం లేదు. నేను చెప్పాలనుకున్నది ఆయన ఇరవయ్యేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పటి సంగతి. 1987 అక్టోబరులో చిలీలో జరిగిన ప్రపంచ యూత్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో ఈ ష్టిమాచ్ ఒక గోల్ కొట్టాడు. కొట్టింది క్రొయేషియా తరఫున కాదు, యుగోస్లావియా అనే దేశం తరఫున. ఎవరి మీదంటే తూర్పు జర్మనీ మీద. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ తూర్పు జర్మనీ లేదు, ఆ యుగోస్లావియా కూడా లేదు.

ఈ ఒక్క వాక్యం నన్ను చాలా కాలంగా పట్టుకుని వదలట్లేదు. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు కాస్త నేపథ్యం. ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళ కోసం ఫిఫా 1977లో ఈ పోటీ మొదలుపెట్టింది. మొదటిసారి ట్యునీషియాలో జరిగితే సోవియట్ యూనియన్ గెలిచింది (అదీ ఇప్పుడు లేని దేశమే!). 1979లో జపాన్‌లో అర్జెంటీనా గెలిచింది, పద్దెనిమిదేళ్ళ మారడోనాని ప్రపంచం సరిగ్గా చూసింది అప్పుడే. 1983, 1985 రెండుసార్లూ బ్రెజిల్. రెండేళ్ళకోసారి జరిగే ఈ పోటీకి 2007 నుంచి అండర్-20 ప్రపంచ కప్ అని పేరు మార్చారు. 1987లో ఆరోసారి, 16 జట్లతో, చిలీలో నాలుగు ఊళ్ళలో జరిగింది: సాంటియాగో, వాల్పరైసో, కంసెప్సియోన్, ఆంతోఫగాస్తా.

మొదటి మ్యాచ్ అక్టోబరు 10న. అదే రోజు మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఏం జరుగుతోందో తెలుసా? రిలయన్స్ కప్. న్యూజిలాండ్‌తో మ్యాచ్‌లో జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ 142 కొట్టి, తీరా చూస్తే జట్టు 3 పరుగుల తేడాతో ఓడిపోయింది. ముందురోజు మద్రాసులో మనం ఆస్ట్రేలియా చేతిలో ఒకే ఒక్క పరుగుతో ఓడి ఏడుపు మొహాలతో ఉన్నాం. చిలీలో ఎవరో కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతున్నారంటే ఆ రోజు ఇక్కడ పట్టించుకునే నాథుడెవడు? ఆ మాటకొస్తే యుగోస్లావియాలో కూడా వాళ్ళ మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు.

ఆ జట్టులో ఎవరున్నారో చూడండి.

జ్వోనిమిర్ బోబన్, డినామో జాగ్రెబ్ క్లబ్బు కుర్రాడు. పోటీ మొదలవడానికి రెండు రోజుల ముందే 19 నిండాయి. దావోర్ షూకర్, ఒసియెక్ నుంచి వచ్చిన ఎడమకాలి స్ట్రైకర్. రాబర్ట్ యార్ని, ఎడమ అంచున పరిగెడితే ఆపడం కష్టం. ఇగోర్ ష్టిమాచ్, డిఫెండర్, హైదుక్ స్ప్లిట్. వీళ్ళంతా క్రొయేషియా వాళ్ళు. ప్రెడ్రాగ్ మియాతోవిచ్, బ్రాంకో బ్ర్నోవిచ్ మాంటెనెగ్రో వాళ్ళు, అక్కడి బుదుచ్‌నోస్త్ క్లబ్బు నుంచి. రాబర్ట్ ప్రోసినెచ్కి అయితే ఇంకా చిక్కు లెక్క. పుట్టింది పశ్చిమ జర్మనీలో, పనికోసం వలసపోయిన కుటుంబంలో. నాన్న క్రోట్, అమ్మ సెర్బ్. పెరిగింది జాగ్రెబ్ క్లబ్బులో, ఆడుతున్నది సెర్బియా రాజధానిలోని రెడ్ స్టార్‌కి.

జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కి ఎందుకెళ్ళాడనేది అక్కడ అందరికీ తెలిసిన కథ. డినామో కోచ్ మిరొస్లావ్ బ్లాజెవిచ్ (అందరూ చీరో అంటారు) ఈ కుర్రాడికి కాంట్రాక్ట్ ఇవ్వనన్నాడు. వీడు గనక ఆటగాడైతే నా కోచింగ్ డిప్లొమా తినేస్తానన్నాడట. మన మేనేజర్లు ఇంటర్వ్యూల్లో రిజెక్ట్ చేసిన కేండిడేట్ల గురించి అనే మాటల్లాంటిదే. ఈ చీరోని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

కోచ్ మిర్కో యోజిచ్. పెద్ద పేరున్నవాడేం కాదు, కుర్రాళ్ళతో పనిచెయ్యడం తెలిసినవాడు.

మొదటి మ్యాచ్‌లో ఆతిథ్య చిలీ మీద 4-2. తర్వాత ఆస్ట్రేలియా మీద 4-0, టోగో మీద 4-1. మూడు మ్యాచ్‌లలో 12 గోల్స్. ప్రపంచం తల తిప్పి చూసింది. అంతలో బెల్‌గ్రేడ్‌లో రెడ్ స్టార్‌కి యూఎఫా కప్ మ్యాచ్ ఉంది, ప్రోసినెచ్కిని వెనక్కి పంపమన్నారు. ప్రొడక్షన్‌లో ఇష్యూ వచ్చింది, ఆ కుర్రాణ్ణి ఆ ప్రాజెక్ట్ నుంచి లాగెయ్యండి అన్నట్టు. జట్టంతా ఒప్పుకోలేదు. చివరికి ఫిఫా అధ్యక్షుడు హవెలాంజ్ కలగజేసుకుంటే ఆగిందని చెప్పుకుంటారు. ఏదైతేనేం, ఉండిపోయాడు.

క్వార్టర్ ఫైనల్ బ్రెజిల్‌తో, వరసగా రెండుసార్లు గెలిచిన బ్రెజిల్‌తో. ముందు బ్రెజిల్ గోల్ కొట్టింది. సెకండ్ హాఫ్‌లో మియాతోవిచ్ సమం చేశాడు. ఆఖరి నిమిషాల్లో ప్రోసినెచ్కి ఫ్రీ కిక్, గోల్! 2-1. మాంటెనెగ్రో వాడొకటి, సగం క్రోట్ సగం సెర్బ్ ఇంకొకటి. అయితే ఆ మైదానంలో ఎవరూ ఆ లెక్క వేసుకునుండరు. ఇప్పుడు మనమే వేస్తున్నాం, తర్వాత జరిగింది మనకి తెలుసు కాబట్టి.

ఇక్కడ కాసేపు ఆగి సెమీఫైనల్ చేరిన నాలుగు పేర్లు చదవండి: యుగోస్లావియా, తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ, చిలీ.

చిలీలో 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్రతో అయెందే ప్రభుత్వాన్ని కూల్చిన పినోచే 14 ఏళ్ళుగా గద్దె మీదున్నాడు. ఫైనల్ జరగబోయే సాంటియాగో నేషనల్ స్టేడియం మామూలు స్టేడియం కాదు. కుట్ర జరిగిన కొత్తలో వేలమందిని పట్టుకొచ్చి అక్కడే బంధించారు. గేలరీల్లో కూర్చోబెట్టారు, కింది గదుల్లో హింసించారు, కొందరిని చంపేశారు. ఆ నవంబరులోనే ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ అదే స్టేడియంలో పెడితే, అక్కడ ఆడమని సోవియట్ యూనియన్ రాలేదు. ఎదుటి జట్టు లేని మైదానంలో చిలీ ఆటగాళ్ళు బంతిని నడిపించుకుంటూ వెళ్ళి ఖాళీ గోల్‌లో వేసి వచ్చారు. ఫుట్‌బాల్ చరిత్రలో అంత సిగ్గుమాలిన గోల్ ఇంకోటి లేదంటే నేను నమ్ముతాను.

జర్మనీలు రెండు. మధ్యలో గోడ. అది ఎప్పటికీ ఉండేదే అని అప్పటి పాఠ్యపుస్తకాల నమ్మకం.

ఇక యుగోస్లావియా. ఆరు రిపబ్లిక్కులు కలిసిన దేశం, సోషలిస్టు దేశమే కానీ మాస్కో మాట విననిది. నెహ్రూ, నాసర్, టిటో కలిసి ఉన్న ఫొటోలు మన పాఠాల్లో అలీనోద్యమం దగ్గర చూసేవుంటారు, ఆ టిటో దేశం. టిటో 1980 మే 4న పోయాడు. అప్పులు, పెరిగే ధరలు, రిపబ్లిక్కుల మధ్య వాటాల తగాదాలు మిగిలాయి. ఈ కుర్రాళ్ళు చిలీ విమానం ఎక్కడానికి కొద్దిగా ముందు, 1987 సెప్టెంబరు చివర్లో, సెర్బియా కమ్యూనిస్టు పార్టీ సమావేశంలో స్లోబొదాన్ మిలోషెవిచ్ తన పాత గురువు వర్గాన్నే పడగొట్టి పార్టీని చేతుల్లోకి తీసుకున్నాడు. దేశం విడిపోయిన కథ ఎక్కడ మొదలైందంటే చాలామంది చరిత్రకారులు వేలుపెట్టి చూపించే చోట్లలో అదొకటి. దానికీ ఈ పోటీ తొలి మ్యాచ్‌కీ మధ్య మూడు వారాలు కూడా లేదు.

సెమీఫైనల్. ముందు ష్టిమాచ్ గోల్. తూర్పు జర్మనీ తరఫున మాథియాస్ సామర్ అనే కుర్రాడు సమం చేశాడు. తర్వాత షూకర్. 2-1. రెండో సెమీస్‌లో పశ్చిమ జర్మనీ చిలీని 4-0తో చితక్కొట్టింది. యుగోస్లావియాకి ఒకటే దెబ్బ: సస్పెన్షన్ల వల్ల ప్రోసినెచ్కి, మియాతోవిచ్ ఇద్దరూ ఫైనల్‌కి దూరం. బ్రెజిల్ మీద గోల్స్ కొట్టిన ఇద్దరూ బయటే.

అక్టోబరు 25, సాంటియాగో. 85వ నిమిషం దాకా గోల్ లేదు. అప్పుడు బోబన్ కొట్టాడు. అయిపోయిందనుకునే లోపు, రెండు నిమిషాలకే పశ్చిమ జర్మనీకి పెనాల్టీ, విటెచెక్ గోల్. 1-1. ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్. పోటీ మొత్తంలో 7 గోల్స్‌తో అందరికంటే ముందున్న ఆ విటెచెకే షూటౌట్‌లో తప్పాడు. ఆఖరి కిక్ బోబన్‌ది. 5-4.

(అన్నట్టు, 2023 శాఫ్ ఫైనల్లో మనం కువైట్‌ని గెలిచిన స్కోరు కూడా 1-1, షూటౌట్‌లో 5-4. అప్పుడు సస్పెన్షన్‌లో ఉన్నది ష్టిమాచ్ గారే. ఇందులో అర్థమేమీ లేదు, కాకతాళీయం. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను :) )

ప్రోసినెచ్కికి పోటీలో ఉత్తమ ఆటగాడి బహుమతి. షూకర్‌కి 6 గోల్స్. యార్నికి మర్నాడే 19 నిండాయి. పుట్టినరోజు కానుకగా ప్రపంచ కప్పు, ఇంతకంటే ఏం కావాలి!

ఇంక తర్వాత జరిగింది తేదీల వారీగా రాస్తాను. వ్యాఖ్యానం కంటే తేదీలే ఎక్కువ మాట్లాడతాయి.

1988 అక్టోబరు 5: పినోచే ఇంకా ఉండాలా వద్దా అని చిలీలో ప్రజాభిప్రాయ సేకరణ. సుమారు 56 శాతం వద్దన్నారు. 1990 మార్చిలో దిగిపోయాడు.

1989 నవంబరు 9: బెర్లిన్ గోడ తెరుచుకుంది.

1990 మే 13: జాగ్రెబ్‌లోని మాక్సిమిర్ స్టేడియం, డినామో-రెడ్ స్టార్ మ్యాచ్. క్రొయేషియాలో జాతీయవాదుల పార్టీ ఎన్నికల్లో గెలిచి కొన్ని రోజులే అయింది. గేలరీల్లో మొదలైన గొడవ మైదానంలోకొచ్చింది. ఒక అభిమానిని లాఠీతో కొడుతున్న పోలీసుని డినామో కెప్టెన్ ఎగిరి తన్నాడు. ఆ కెప్టెన్ బోబన్. చిలీలో ఆఖరి పెనాల్టీ కొట్టిన కాలే. సస్పెండ్ చేశారు, 1990 ప్రపంచ కప్ పోయింది. క్రొయేషియాలో హీరో అయిపోయాడు. ఇంకో మెలిక ఉంది. అతను తన్నింది సెర్బ్ పోలీసుని అని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. నిజానికి ఆ పోలీసు బోస్నియా ముస్లిం. కథకి సరిపోయేలా మనుషుల్ని మార్చుకోవడం మనకి కొత్తా?

1990 సెప్టెంబరు 12: తూర్పు జర్మనీ ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్, బ్రసెల్స్‌లో బెల్జియం మీద. 2-0తో గెలిచారు. రెండు గోల్సూ కెప్టెన్ సామర్‌వే. మూడు వారాల తర్వాత ఆ దేశమే లేదు. అదే సామర్ 1996లో ఏకమైన జర్మనీకి యూరో కప్ గెలిపించి ఆ ఏడాది యూరప్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

1991 మే 8: బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా కప్ ఫైనల్, హైదుక్-రెడ్ స్టార్. ఆరు రోజుల ముందు బొరొవో సెలో అనే ఊళ్ళో 12 మంది క్రొయేషియా పోలీసులు చనిపోయారు. హైదుక్ డిఫెండర్ ష్టిమాచ్‌కీ రెడ్ స్టార్ ఆటగాడు సినీషా మిహాయ్‌లోవిచ్‌కీ గొడవై ఇద్దరికీ రెడ్ కార్డులు. మిహాయ్‌లోవిచ్ ఆ బొరొవో ప్రాంతం వాడే, నాన్న సెర్బ్, అమ్మ క్రోట్. ష్టిమాచ్ తన కుటుంబం గురించి అనరాని మాట అన్నాడని మిహాయ్‌లోవిచ్. అనలేదని ష్టిమాచ్. ఆ పగ ఇరవయ్యేళ్ళు నడిచింది.

1991 మే 29: రెడ్ స్టార్ యూరోపియన్ కప్ గెలిచింది. షూటౌట్‌లో గోల్ కొట్టినవాళ్ళలో ప్రోసినెచ్కి ఉన్నాడు. నెల తిరక్కుండానే స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. యుద్ధం.

1992 మే 30: ఐక్యరాజ్యసమితి ఆంక్షలు. యూరో కప్ కోసం అప్పటికే స్వీడన్ చేరిన యుగోస్లావియా జట్టుని వెనక్కి పంపేశారు. వాళ్ళ బదులు పిలిచిన డెన్మార్క్ ఏకంగా కప్పే గెలుచుకుంది.

ఆ యుద్ధాలన్నిటిలో కలిపి లక్ష మందికి పైగా చనిపోయారు. ఒక్క బోస్నియాలోనే సుమారు లక్ష.

ఇంక 1998. యుద్ధానంతరం తొలి ప్రపంచ కప్. క్రొయేషియా కొత్త దేశంగా మొదటిసారి ఆడింది. కెప్టెన్ బోబన్. జట్టులో షూకర్, యార్ని, ష్టిమాచ్, ప్రోసినెచ్కి. చిలీ జట్టు వాళ్ళే అయిదుగురు! క్వార్టర్ ఫైనల్లో జర్మనీని 3-0తో ఓడించారు, మొదటి గోల్ యార్ని, చివరిది షూకర్. మూడో స్థానం మ్యాచ్‌లో నెదర్లాండ్స్ మీద 2-1, ఒకటి ప్రోసినెచ్కి, ఒకటి షూకర్. షూకర్ 6 గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్. పదకొండేళ్ళ కిందట చిలీలో కూడా ఆరే. ప్రోసినెచ్కి 1990లో యుగోస్లావియాకీ 1998లో క్రొయేషియాకీ ప్రపంచ కప్ గోల్ కొట్టాడు. రెండు వేర్వేరు దేశాల తరఫున అలా కొట్టినవాడు ఇంకొకడు లేడు.

ఆ క్రొయేషియా జట్టు కోచ్ ఎవరో ఊహించారా? చీరో బ్లాజెవిచ్. డిప్లొమా తింటానన్నాయన. తిన్నట్టు మాత్రం దాఖలా లేదు.

ఇటు మిగిలిన యుగోస్లావియా (అప్పటికి సెర్బియా, మాంటెనెగ్రో మాత్రమే) తరఫున మియాతోవిచ్ ఆడాడు. అంతకుముందు నెలే, మే 20న, అతని ఒక్క గోల్‌తో రియల్ మాడ్రిడ్ యువెంటస్‌ని ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆ మాడ్రిడ్ జట్టులో అతని సహచరుడు షూకర్. మాడ్రిడ్‌లో ఒకే డ్రెస్సింగ్ రూమ్, నెల తిరిగేసరికి ఫ్రాన్స్‌లో రెండు దేశాల జెండాలు. జూన్ 29న నెదర్లాండ్స్ మీద 1-1 ఉన్నప్పుడు మియాతోవిచ్ పెనాల్టీ క్రాస్‌బార్‌కి తగిలింది. చివర్లో గోల్ తిని ఇంటికెళ్ళారు.

కోచ్ యోజిచ్ మళ్ళీ చిలీ వెళ్ళాడు. కోలో-కోలో క్లబ్బుకి 1991లో కోపా లిబెర్తదోరెస్ గెలిపించాడు. చిలీ క్లబ్బుకి అదే మొదటిసారి. 2002 ప్రపంచ కప్‌లో క్రొయేషియా కోచ్ కూడా ఆయనే.

ఇదీ కథ. ఇప్పుడు దీని నుంచి ఏం తీసుకోవాలి అన్నదగ్గరే నాకు పేచీ.

ఈ జట్టు గురించి ఎక్కడ చదివినా రెండు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. మొదటిది: "ఆ దేశం విడిపోకుండా ఉంటే వీళ్ళు ప్రపంచ కప్ గెలిచేవాళ్ళు." వినడానికి బావుంటుంది, గుండె కలుక్కుమంటుంది కూడా. కానీ లెక్క చూద్దాం. కలిసున్న యుగోస్లావియా ప్రపంచ కప్‌లలో బాగా ఆడిందంటే 1930లో సెమీఫైనల్, 1962లో నాలుగో స్థానం. 40 లక్షల జనాభా కూడా లేని క్రొయేషియా? 1998లో మూడో స్థానం, 2018లో ఫైనల్, 2022లో మళ్ళీ మూడు. పైగా 1990లో ఇంకా ఒకటిగానే ఉన్న యుగోస్లావియా, ప్రోసినెచ్కి ఆడినా, క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా చేతిలో షూటౌట్‌లో పోయింది. "ఉండి ఉంటే" అనేది రీప్రొడ్యూస్ చెయ్యలేని బగ్ లాంటిది. ఎవరి థియరీ వాళ్ళది, టెస్ట్ చేసే దారి లేదు. నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. లక్ష శవాలున్న కథలో పోయింది ఒక కప్పు అన్నట్టు మాట్లాడటం ఏమిటి?

రెండో మాట ఇంకా ప్రమాదం: "వాళ్ళ మధ్య ద్వేషాలు వందల ఏళ్ళవి, ఎప్పటికైనా విడిపోక తప్పదు." 1990ల్లో యూరప్ పెద్దమనుషులు చాలామంది చేతులు కట్టుకు కూర్చోడానికి ఇదే సాకు. ఈ మాట నిజమైతే చిలీలో ఆ మూడు వారాలు ఏమిటి? ఒకడికి సస్పెన్షన్ వస్తే ఇంకొకడు వాడి బదులు ఆడటం, క్లబ్బు వెనక్కి పిలిస్తే జట్టంతా అడ్డం పడటం, అదంతా నటనా? ప్రోసినెచ్కి ఇంట్లో అమ్మా నాన్నా ఎవరిని ఎవరు ద్వేషించాలి? మిహాయ్‌లోవిచ్ ఇంట్లో?

అలాగని దీనికి ఎదురు మాట, "చూశారా, కుర్రాళ్ళంతా అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు, రాజకీయ నాయకులే చెడగొట్టారు" అన్నది కూడా నేను పూర్తిగా మింగలేను. రెండున్నరేళ్ళలో పోలీసుని తన్నినవాడూ, మూడున్నరేళ్ళలో కప్ ఫైనల్లో రెడ్ కార్డు తెచ్చుకున్నవాడూ ఈ కుర్రాళ్ళలోని వాళ్ళే. ఎవరో చెవులు పట్టుకుని చేయించలేదు. వాళ్ళకి తెలిసే, వాళ్ళు నమ్మే చేశారు.

నాకు అర్థమైనంతలో ఆ జట్టు చెప్పేది ఇది. మనుషుల్లో కలిసుండే గుణమూ ఉంటుంది, విడిపోయే గుణమూ ఉంటుంది. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషిలో. ఏది పైకొస్తుందనేది వాళ్ళముందు ఏ పని పెట్టారు అన్నదాని మీద ఉంటుంది. యోజిచ్ వాళ్ళముందు ఒక బంతి పెట్టి బ్రెజిల్‌ని ఓడించమన్నాడు, ఓడించారు. తర్వాత వచ్చినవాళ్ళు పేర్లు, జెండాలు, తాతల కాలం నాటి లెక్కలు వాళ్ళముందు పెట్టారు. ఆ లెక్కలు నిజంగా ఉన్నవే, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ జరిగిన దారుణాలు చిన్నవి కావు. కానీ ఉన్న గాయాన్ని మాన్పడం ఒక పని, గోకడం ఒక పని. గోకడానికి పదవులు దొరికాయి.

ఇక్కడికొచ్చేసరికి మీలో కొందరికి 2014 గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. ఆ పోలిక నేను పెట్టను. మనం పంచుకున్నది ఒకే దేశంలో రాష్ట్రాన్ని, పార్లమెంటు చట్టంతో. చాలా మాటలు అనుకున్నాం, కొన్ని ఇప్పటికీ మానలేదు. కానీ మర్నాడు అదే ఆఫీసులో అదే క్యూబికల్‌లో పక్కపక్కన కూర్చుని పనిచేశాం. యుద్ధం చూసినవాళ్ళ కథ పక్కన మన కథ పెట్టడం వాళ్ళకి అవమానం. అలా కూర్చోగలగడం మాత్రం చిన్న సంగతి కాదని ఆ కథ చదివాకే నాకు తెలిసొచ్చింది.

ఆఖరుగా మళ్ళీ ష్టిమాచ్ దగ్గరికి. 2013 మార్చి 22న జాగ్రెబ్‌లో, అదే మాక్సిమిర్‌లో, క్రొయేషియా-సెర్బియా ప్రపంచ కప్ అర్హత మ్యాచ్. సెర్బియా అభిమానులని రానివ్వలేదు. క్రొయేషియా కోచ్ ష్టిమాచ్. సెర్బియా కోచ్ మిహాయ్‌లోవిచ్! 1991 తర్వాత ఇద్దరూ అలా ఎదురుపడతారని ఎవరనుకున్నారు? చేతులు కలిపారు. క్రొయేషియా 2-0తో గెలిచింది. మిహాయ్‌లోవిచ్ 2022 డిసెంబరులో, 53 ఏళ్ళకే, లుకేమియాతో పోయాడు. ఆ చెయ్యి అప్పుడు కలపకపోయుంటే ఇంక కలిపే అవకాశం ఎక్కువ కాలం ఉండేది కాదు.

2025లో అండర్-20 ప్రపంచ కప్ మళ్ళీ చిలీలోనే జరిగింది. అక్టోబరు 19న అదే నేషనల్ స్టేడియంలో అర్జెంటీనాని 2-0తో ఓడించి మొరాకో గెలిచింది. స్టేడియం అంతా కొత్త కుర్చీలే. ఒక్క ఎనిమిదో గేటు దగ్గర మాత్రం పాత చెక్క బల్లలు అలాగే ఉంచారు. 1973లో ఖైదీలు కూర్చున్నవి. ఎంత పెద్ద మ్యాచ్ అయినా ఆ చోటు ఖాళీగానే వదిలేస్తారు, టికెట్లు అమ్మరు.

1987లో బోబన్ ఆఖరి పెనాల్టీ కొడుతున్నప్పుడు ఆ స్టేడియంలో అలాంటి ఖాళీ లేదు, పినోచే ఇంకా గద్దె మీదే ఉన్నాడు. జరిగినదాన్ని అలా ఒప్పుకుని, అక్కడే ఆట కూడా ఆడుకోవచ్చని చిలీ వాళ్ళు తర్వాత నేర్చుకున్నారు. కప్పు తీసుకుని ఇంటికెళ్ళిన కుర్రాళ్ళ దేశానికి మాత్రం ఆ తీరిక దొరకలేదు.

ఈసారి ఎక్కడైనా ష్టిమాచ్ బంతి లాక్కునే వీడియో కనిపిస్తే నవ్వండి, తప్పులేదు. నేనూ నవ్వాను. కానీ పక్కనే 1987 ఫైనల్ వీడియో కూడా ఒకసారి వెతికి చూడండి. గెలిచాక ఆ కుర్రాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి కౌగిలించుకుంటుంటే ఎవడు క్రోట్, ఎవడు సెర్బ్, ఎవడు మాంటెనెగ్రో వాడు, చెప్పగలరేమో ప్రయత్నించండి. నావల్ల కాలేదు.